బండికి తగ్గ నిమ్మకాయ

మా నాయన లారీ తోలినన్నాళ్లూ ఆయన గొంతు కంటే హారనే మాకు ఎక్కువ తెలుసు. మార్కాపురంలో పలకలు ఎక్కించుకుని ఏ ఊరికో వెళ్లి, తిరిగొచ్చిన రోజు సందు మొదట్లోనే హారన్ కొట్టేవాడు. అమ్మ లేచి ఎసరు పెట్టేది. వీధిలో పిల్లలం అందరం పరిగెత్తేవాళ్లం. తర్వాత షుగర్ వచ్చింది. ఒక కంటి చూపు పోయి, రెండో కన్ను దగ్గరి వస్తువులకు మాత్రమే మిగిలింది. ఇంక స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ రోజు నుంచి ఇంట్లో హారన్ లేదు, నాయన మాటా లేదు. టీవీ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏం వస్తోంది నాయనా అంటే "ఏందో వస్తాంది" అనేవాడు. తెరవైపు చూసేవాడే కాదు.

"మనిషి కుర్చీకి అతుక్కుపోయినాడు మే. నేను చూడలేకున్నా," అని అమ్మ నా కొట్టుకొచ్చి కొంగుతో కళ్లు తుడుచుకునేది.

నాది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. బస్టాండుకు దగ్గరే. ఆడమనిషి ఫోను విప్పుతుందా అని మొదట్లో జనం వింతగా చూసేవారు. నా కోపం చూశాక ఆ చూపు మానేశారు. ఫోను నీళ్లలో పడేసి "ఏం చేయలేదక్కా, దానంతట అదే ఆగిపోయింది" అని అబద్ధమాడే వాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఆయన బళ్లో పంతులు. వంద మంది పిల్లల్ని అదుపులో పెడతాడుగాని నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉన్నప్పుడు మాత్రం కాఫీ కావాలా అని కూడా అడగడు.

పక్క కొట్టు భాయ్‌ది. మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు. ఒకరోజు అరచేతిలో పట్టేంత కారు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"అక్కా, దీని లోపల వైరు ఊడినాది. నా చేతులు లావు. నువ్వు కొంచెం సాల్డరింగ్ పెట్టవా?"

బొమ్మేమో అనుకున్నాను. విప్పి చూస్తే మతి పోయింది. మోటారు, దాని కొసన చిన్న పళ్ల చక్రం, ఆ చక్రం పట్టి తిప్పే పెద్ద పళ్ల చక్రం, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ శక్తి పంచే పొడుగాటి కడ్డీ, మలుపులో లోపలి చక్రాన్ని మెల్లగా, బయటి చక్రాన్ని వేగంగా తిరగనిచ్చే డిఫరెన్షియల్. లారీ కింద ఉన్నవన్నీ అందులో ఉన్నాయి. వైరు అతికించి, రిమోట్ నొక్కి, కొట్టు ముందు సిమెంటు గచ్చు మీద వదిలాను. అంతే. ఆ రోజు ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఎవరికి ఏం చెప్పి పంపానో నాకు గుర్తు లేదు.

ఆదివారం పలకల ఫ్యాక్టరీకి సెలవు. ఒక షెడ్డు యజమానికి ఈ కార్ల పిచ్చి ఉండడంతో అక్కడ పందేలు జరిగేవి. పొదిలి నుంచి, గిద్దలూరు నుంచి, త్రిపురాంతకం నుంచి కూడా బ్యాగుల్లో కార్లు పెట్టుకుని బస్సు దిగేవారు. చెడిపోయిన పలకల చెక్క ఫ్రేములు పేర్చి దారికి గట్లు కట్టేవారు. పలకల పొడి గచ్చు మీద పొరలాగా ఉంటుంది కదా, దాని మీద టైరు నిలవదు. అందుకని ముందుగా తడి గోనెపట్టాతో తుడవాలి. తుడిచిన వాళ్లకు టీ. నేను మొదటి నెల టీ కోసం తుడిచాను, రెండో నెల కారు కొనుక్కుని తుడిచాను.

నా కారు నిదానం. రిమోట్ నొక్కాక ఒక్క క్షణం ఆలోచించి కదిలేది. గిద్దలూరు వాళ్ల కార్లు అప్పటికే మొదటి మలుపు తిరిగేవి. కారణం భాయ్ చెప్పాడు. మోటారు ముందు తిప్పాల్సింది చక్రాల్ని కాదు, నడుమ ఉన్న కడ్డీని, పళ్ల చక్రాల్ని. అవి ఇనపవి. బావి గిలక బరువుగా ఉంటే దాన్ని తిప్పడానికే సగం సత్తువ పోతుంది, ఇంక నీళ్లు తోడేదెప్పుడు? ఆ తిరిగే బరువు తగ్గిస్తే కారు నొక్కగానే ఉరుకుతుంది, వదలగానే ఆగుతుంది.

ఇంక నేను ఆగలేదు. ఇనప కడ్డీ తీసి, లోపల డొల్లగా ఉన్న అల్యూమినియం కడ్డీ వేశాను. ఇనప పళ్ల చక్రం తీసి నైలాన్‌ది వేశాను. ఇత్తడి బుష్షులు పీకేసి మిరియం గింజంత బేరింగులు కూర్చాను. తీసినదీ వేసినదీ పట్టుకుని ఎదురుగా ఉన్న ఆచారి నగల కొట్టుకు పరిగెత్తేదాన్ని. బంగారం తూచే కాటా మీద పెట్టి చూపించేవాడు.

"రెండు గ్రాములు పోయిందమ్మా," అనేవాడు. నేను చప్పట్లు కొట్టేదాన్ని. "నా కొట్లో బరువు తగ్గిందని నవ్వే ఆడమనిషివి నువ్వొక్కదానివే. ఇదే గాజైతే నా గొంతు పట్టుకుని ఉందువు," అని ఆయన తల పట్టుకునేవాడు.

ఒక ఆదివారం ఉదయం అమ్మవాళ్లింట్లో కారు సరిచూస్తున్నాను. కడ్డీ మార్చాక ఎట్లా పోతుందో చూద్దామని హాల్లో వదిలాను. అది నా అంచనా కంటే జోరుగా పోయి, కుర్చీ కిందకు దూరి, నాయన కాళ్ల మధ్య నుంచి అవతలికి తిరిగింది. నాయన కాళ్లు పైకెత్తాడు. కారు పోయినవైపే చూస్తూ అన్నాడు.

"ఇండికేటర్ ఎయ్యకుండా తిప్పినాడే, ఎవుడు వాడు?"

వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నెలల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి వేళాకోళం అది. నేను రిమోట్ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. పిస్తోలులాంటి పిడి, దాని పక్కన తిప్పడానికి చిన్న రబ్బరు చక్రం. వేలితో ఆ చక్రం తడిమి, "స్టీరింగ్ ఇదా? అప్పచ్చంత గూడా లేదు," అన్నాడు. ఆ పూట టీవీ పెట్టలేదు. కారు రెండుసార్లు గోడకు కొట్టుకుంది, ఒకసారి అమ్మ కాలికి తగిలింది. అమ్మ అబ్బా అని అరిచి, వెంటనే నవ్వింది.

దగ్గర తిరిగే కారు ఆయన మిగిలిన కంటికి బాగానే ఆనేది. మరింత బాగా కనిపించాలని దానికి పసుపు రంగు వేయించాను. ఆ తర్వాత రోజూ సాయంత్రం నా కొట్టుకు వచ్చేవాడు. గిరాకీ ఉన్నా లేకున్నా ఆయనకు బండి కావాలి. అసలు యుద్ధం అప్పుడే మొదలైంది.

నేను గ్రాము గ్రాము తీసేదాన్ని, ఆయన గ్రాము గ్రాము ఎక్కించేవాడు. ఒకరోజు చూస్తే ముందు బంపరుకు నల్లదారం కుచ్చు కట్టి ఉంది. ఇంకోరోజు అద్దాల మీద రెక్జిన్ తెర. వెనక తెల్ల పెన్నుతో 'దూరం పాటించు' అని రాసి, కింద రెండు పూలు కూడా వేశాడు. ఇంకొన్నాళ్లు వదిలేస్తే పైన పరుపు చుట్టి కట్టేవాడే.

"నాయనా, బరువు తగ్గించడానికి నేను చస్తుంటే నువ్వు పెళ్లికూతుర్ని చేస్తున్నావు దీన్ని!"

"లోడు లేని లారీ గుంత తగిలితే ఎగిరి పడతాది. బరువుంటేనే బండి మన మాట ఇంటాది."

"మోసే బరువు వేరు, తిరిగే బరువు వేరు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఘాట్‌లో లారీ తోలినది నువ్వా, నేనా?"

గిద్దలూరు దాటాక వచ్చే ఆ ఘాట్ రోడ్డు పేరెత్తితే ఇంక వాదన అక్కడితో సరి. ఆయనకు నైలాన్ పళ్ల చక్రం అంటే అసలు పడదు. "దువ్వెన పండ్లు మాదిరి ఉండాయి, ఇవేం బండిని లాగుతాయి?" అనేవాడు. నాకు కోపం వచ్చి కుచ్చు కత్తిరించేదాన్ని. మర్నాటికి కొత్త కుచ్చు వేలాడేది. భాయ్ ఇద్దరి మధ్యా నిలబడి, "చాచా, కుచ్చు సగం కట్టుకోండి. అక్కా, నువ్వు సగం కత్తిరించు," అని తీర్పు చెప్పేవాడు.

అట్లా కొట్లాడుతుండగానే నాయన ఒక మాట అన్నాడు. వచ్చే ఆదివారం పందెంలో తాను తోలతానన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు. లారీ స్టాండుకు వెళ్లి పాత డ్రైవర్లందరికీ చెప్పి వచ్చాడు. చూపు దెబ్బతిన్నాక ఆయన ఆ స్టాండు ముఖం చూడలేదు. ఎవరైనా "ఏమన్నా, బండి దిగినావంట" అంటారేమోనని ఆ వీధే మానేసిన మనిషి. ఇప్పుడు తనే పోయి రమ్మని పిలిచి వచ్చాడు.

అమ్మ ఆ సాయంత్రం నన్ను పక్కకు లాగింది. "అందరి ముందరా తోలితే మనిషి నిలబడతాడు. అక్కడ గాని ఏదన్నా అయితే మళ్లా ఆ కుర్చీలోంచి లేపడం నా వల్ల గాదు మే. జాగ్రత్త."

నాకు తెలుసు. గెలవడం ఎవరికి కావాలి? దారి చివరి దాకా తోలితే చాలు, ఆయన మళ్లీ డ్రైవరు. ఆ వారమంతా నేను కారుకే కూర్చున్నాను. ఆయన చేతికి సులువుగా ఉండాలని, నొక్కగానే పలకాలని, కొత్త నైలాన్ చక్రం తెప్పించి వేశాను. బేరింగులు కడిగాను. కుచ్చు ముట్టుకోలేదు.

ఆదివారం షెడ్డు నిండిపోయింది. పాత డ్రైవర్లు లుంగీలు సర్దుకుని పలకల దొంతర్ల మీద పెళ్లివారిలా కూర్చున్నారు. అమ్మ పూజ పళ్లెంతో వచ్చింది. నాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు, రిమోట్ చేతిలో పట్టుకుని దారి మొదట్లో నిలబడ్డాడు. ఛార్జింగులో పెట్టిన బ్యాటరీ ఒకటి తెద్దామని నేను షెడ్డు అవతలి మూలకు పోయాను. అదే కొంప ముంచింది.

డ్రైవర్లకు ఒక ఆచారం ఉంది. మార్కాపురంలో తెలియనివాడు లేడు. కొత్త బండి మొదటిసారి కదిలేముందు, పెద్ద ప్రయాణానికి ముందు, టైరు కింద నిమ్మకాయ పెట్టి ఎక్కించాలి. నిమ్మకాయ చితకాలి. దిష్టి పోతుంది. నాయన తన జన్మలో నిమ్మకాయ లేకుండా బండి కదిలించింది లేదు. నేను అటు తిరగగానే అమ్మ పళ్లెంలోంచి రెండు నిమ్మకాయలు తీసి ఆ అరచేతి కారు ముందు టైర్ల కింద పెట్టాడు. నిమ్మకాయ టైరుకు రెండింతలుంది. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు వంగి శ్రద్ధగా చూస్తున్నారు. ఒక్కరికీ ఇందులో తేడా కనిపించలేదు.

నాయన నొక్కాడు. నిమ్మకాయలు ముందుకు దొర్లాయి. ఒకాయన వాటికి పలక ముక్క అడ్డం పెట్టాడు. మళ్లీ నొక్కాడు. ఇప్పుడు వెనక టైర్లు జారాయి. ఇంకొకాయన, లారీని తోసి తోసి అలవాటైన చెయ్యి, కారు నడ్డి మీద బొటనవేలు పెట్టి గట్టిగా అదిమాడు.

"ఇప్పుడు నొక్కన్నా! ఫస్ట్ గేర్లో ఎక్కించు!"

నాయన పూర్తిగా నొక్కాడు. కర్రుమని ఒక చప్పుడు. బ్యాటరీ పట్టుకుని నేను అక్కడికి వచ్చేసరికి మోటారు గిర్రున తిరుగుతోంది, చక్రాలు మాత్రం కదలడం లేదు. ముందుకు పోయే దారి లేక, జారే వీలు లేక, నా కొత్త నైలాన్ చక్రం పళ్లు మొత్తం రాలగొట్టుకుంది. నిమ్మకాయలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

నాయన వంగి ఒక నిమ్మకాయ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. గీత కూడా పడలేదు. రిమోట్ పలకల దొంతర మీద పెట్టేశాడు.

"నిమ్మకాయ నలగలా," అన్నాడు. "నేను తోలినన్నాళ్లూ ఒక్క కాయ గూడా నలక్కుండా మిగల్లా. ఇంక నా చేతికి బండి రాసిపెట్టి లేదులే మ్మా. నువ్వు తోలుకో."

నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. నా సంగతి అంతే, రెండూ ఒకే దారిలో వస్తాయి, ముందు కోపం దూసుకొస్తుంది.

"రాసిపెట్టి లేకపోవడం ఏంది? లారీ కింద నిమ్మకాయ పెడతారుగాని గుడి గోపురం పెడతారా? ఈ బండికి నిమ్మకాయ అంటే లారీకి ఇంత బండరాయి! బండి ఎక్కలేదంటే తప్పు నీ చేతిదా? ఏమయ్యా పెద్దమనుషులూ, ఇంతమంది డ్రైవర్లున్నారు, ఒక్కడికి లెక్క తెలియలేదా? బొటనవేలు పెట్టిందెవరు?"

బొటనవేలు పెట్టినాయన మెల్లగా ఆ చెయ్యి వీపు వెనక్కు పెట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నాయన నా మాట వింటున్నాడో లేదో తెలియలేదు. తలుపువైపు చూస్తున్నాడు.

నేను నేల మీద చతికిలబడి కారు విప్పాను. తీసేసిన ఇనప చక్రం పెట్టెలో ఉంటే అదే మళ్లీ ఎక్కించాను. కడ్డీ తేలికది, చక్రం బరువుది, ఏదో ఒకటి, తిరిగితే చాలు. స్క్రూ రెండుసార్లు జారిపడింది. భాయ్ మోకాళ్ల మీద పాకి వెతికి ఇచ్చాడు. కారు సిద్ధమైంది. తోలే మనిషి మాత్రం సిద్ధంగా లేడు. చెప్పులు వేసుకుంటున్నాడు.

అప్పుడు మా అమ్మ లేచింది. లారీ స్టీరింగ్ ఏ పక్కనుంటుందో కూడా పట్టించుకోని మనిషి. నాయన చేతిలోంచి నిమ్మకాయ లాక్కుంది. భాయ్ దగ్గర కట్టరు అడిగి దాన్ని రెండు ముక్కలు కోసింది. వేలితో గింజ ఒకటి బయటికి తీసి, కొంగుకు తుడిచి, గచ్చు మీద కారు ముందు టైరు కింద పెట్టింది.

"దీని మొఖానికి ఇది చాలు," అంది. "చెప్పులిప్పి తోలు."

నాయన ఆమెవైపు చూశాడు. గింజవైపు చూశాడు. ఒక చెప్పు అప్పటికే కాలికి ఉంది. దాంతోనే వచ్చి రిమోట్ తీసుకున్నాడు. నెమ్మదిగా నొక్కాడు. టైరు గింజ అంచు మీదకెక్కింది, గింజ జారి టప్పుమని ఎగిరి, బొటనవేలు పెద్దాయన నుదుటికి తగిలింది.

"పోయినాది దిష్టి!" అని ఎవరో అరిచారు. షెడ్డు రేకులు ఎగిరిపోయేట్టు నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను భాయ్ భుజం మీద గట్టిగా చరిచాను, ఎందుకో నాకే తెలియదు. పాపం, ఆయనకు సాయంత్రం దాకా నొప్పి తగ్గలేదు.

పందెం గురించి గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. జెండా ఊపగానే కుర్రకారు కార్లన్నీ తూనీగల్లా పోయాయి. నాయన పలకల లోడు మీద ఉన్నట్టే బయలుదేరాడు. మలుపు వచ్చినప్పుడల్లా నోటితో హారన్ కొట్టాడు. మొదట నవ్విన జనం రెండో చుట్టుకు తామూ హారన్ కొట్టడం మొదలుపెట్టారు. మూడో చుట్టులో గిద్దలూరు కారు ఒకటి గట్టుకు తగిలి బోల్తా పడింది. నాయన దాని వెనక బండి ఆపేశాడు.

"పో నాయనా, పో! పక్క నుంచి దారుంది!" నేను గొంతు చించుకున్నాను.

"పడిన బండిని దాటి పోతామా?" అన్నాడు, నా వైపు తిరక్కుండానే. ఎవరో పరుగున వచ్చి ఆ కారును నిలబెట్టి, అది కదిలి మలుపు తిరిగిందాకా ఆయన కదల్లేదు. దొంతర్ల మీది డ్రైవర్లంతా తలలూపారు. వాళ్లకు అది పందెంలా కనిపించలేదు.

చివరి నుంచి రెండోవాడుగా వచ్చాడు. చివరివాడి బ్యాటరీ అయిపోయింది కాబట్టి. అయినా గీత దాటగానే డ్రైవర్లు వచ్చి ఆయన్ని ఎత్తినంత పని చేశారు. ఇంటికి పోతూ ఆయన చెప్పిన మొదటి మాట, ఎడమ పక్క టైరు లాగుతోంది, రేపు చూడమని. ఇనప చక్రం మాత్రం తీయనివ్వలేదు. కడ్డీ నా మాట ప్రకారం, చక్రం ఆయన మాట ప్రకారం. ఆ బండి ఇప్పటికీ అట్లాగే ఉంది. ఇప్పుడు నాది వేరే కారు, అందులో ఇనుమన్నది లేదు. ఆదివారాలు ఆయన్ని దాటి పోయేటప్పుడు నేను హారన్ కొట్టకపోతే ఇంటికొచ్చాక చివాట్లు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నాయన్ని కంటి పరీక్షకు తీసుకెళ్లాను. చుక్కలు వేయడానికి వచ్చిన నర్సు చిన్నపిల్ల. ఆయన తల వెనక్కు వంచి, మాటల్లో పెట్టడానికి అడిగింది.

"ఏం పని చేస్తావు పెద్దాయనా?"

ఇంట్లో ఊరికే ఉన్నా అంటాడనుకుని ఆ మాట వినలేక కిటికీవైపు తిరిగాను.

"డ్రైవర్ని," అన్నాడు నాయన.

నర్సు చెయ్యి ఆగిపోయింది. "ఈ కంటితోనా? ఏం బండి తోలుతున్నావు?"

నాయన కళ్లు మూసుకునే అరచెయ్యి చాచి చూపించాడు. "ఇంత బండి. నాలుగు చక్రాలకూ పవరే. ఆదివారం షెడ్డు కాడికి రా మ్మా, చూద్దువు గాని."

ఈ ముసలాయన మతి ఉండే మాట్లాడుతున్నాడా అన్నట్టు ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. నాకు నవ్వు ఆగలేదు.

"నిజమే సిస్టర్," అన్నాను. "మా నాయన డ్రైవరే."